మైసీ వదిన కట్టిన ధర

మా ఆడపడుచు మైసీ పాతికేళ్ళకు పైగా పందేల కొట్టులో పనిచేసింది. తన కోసం ఒక్క పెన్నీ కూడా ఎన్నడూ పందెం కాయలేదు. పిట్‌హేవెన్ రేవు వీధిలో, చేపల గోదాముకూ మందుల షాపుకూ మధ్య ఉండేది టోషాక్ గారి కొట్టు. లోపల అడుగు పెట్టగానే ఎదురుగా గోడ పొడవునా నల్లబల్ల. దాని ముందు ముక్కాలిపీట మీద నిలబడి, చెవికీ భుజానికీ మధ్య టెలిఫోను ఇరికించుకుని, చేతిలో సుద్దముక్కతో మా వదిన. గుర్రాలు, కుక్కలు, ఫుట్‌బాలు, జూలై వచ్చిందంటే గోల్ఫు. ఏ పేరు పక్కన ఏ ధర ఉండాలో ఆమే రాయాలి. ధర మారితే మోచేత్తో తుడిచి మళ్ళీ రాయాలి. అందుకే ఆమె కోట్లన్నిటికీ కుడి మోచెయ్యి తెల్లగా ఉండేది.

ఆమె మొగుడు ఎబెన్ చేపలు పొగబెట్టే పనిచేసేవాడు. ఆయన ఒంటికి ఓకు చెక్కపొట్టు పొగ వాసన, ఈమె ఒంటికి సుద్దపొడి. ఆదివారం చర్చిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే పొయ్యీ, బడీ కలిసి ప్రార్థనకు వచ్చాయని నేను అనేదాన్ని. వదిన నవ్వేది. నవ్వి, "నువ్వు ఆ రెండిట్లో దేని దగ్గరా సరిగ్గా కూర్చోలేదులే జెస్సీ," అనేది. అబద్ధం కాదు. నాకు బడి అబ్బలేదు, వంట అంతకన్నా అబ్బలేదు. కానీ పందెం ధర అంటే ఏమిటో మాత్రం మా ఊళ్ళో చదువుకున్న వాళ్ళతో సమానంగా నాకూ తెలుసు. చెప్పింది మైసీ వదిన కనుక.

కొట్లోకి వచ్చే వాళ్ళలో బర్ట్ కిల్‌గూర్ అని ఒక కుళాయిల మేస్త్రీ ఉండేవాడు. బల్ల కేసి చూసి రోజూ ఒకే మాట. "ముప్పైమూడుకి ఒకటి. అంటే ముప్పైనాలుగు సార్లు ఆడితే ఒకసారి గెలుస్తాడన్నమాట కదా మైసీ?"

"కాదు."

"మరి?"

"నువ్వు ఒక పౌను కాసి, వాడు గెలిస్తే, టోషాక్ గారు నీకు ముప్పైమూడు ఇస్తాడని. అంతే. వాడు గెలుస్తాడో, బోర్లా పడతాడో ఈ సుద్దముక్కకి తెలీదు."

"తెలీకుండా ఎలా రాస్తావు?"

"టోషాక్ గారికి ఎంత భయమో అంత రాస్తాను. భయం పెద్దదైతే ధర చిన్నది. భయం లేకపోతే ధర పెద్దది. నీ మీద ధర రాయమంటే వెయ్యికి ఒకటి రాస్తాను బర్టూ, నీకెవరు భయపడతారు?"

కొట్టంతా నవ్వేది. బర్ట్ కూడా నవ్వి, మళ్ళీ ఆ ముప్పైమూడు మీదే కాసి, పోగొట్టుకుని పోయేవాడు. ఇంకో సంగతి కూడా వదినే చెప్పింది. బల్ల మీద ఉన్న ధరలన్నిటినీ అవకాశాలుగా మార్చి కూడితే ఒకటి రాదట, ఒకటికి మించి వస్తుందట. "ఒక రొట్టెని ముక్కలు కోసి అమ్మితే, ముక్కలన్నీ కలిపితే రొట్టె కన్నా పెద్దదైంది. ఆ ఎక్కువ ముక్క ఎక్కణ్ణించి వచ్చిందే?" అని నన్నడిగింది. నాకు తెలియలేదు. "అదేనే టోషాక్ గారి రాత్రి భోజనం," అంది.

గోల్ఫులో ఒక్క దెబ్బకు బంతి గుంతలో పడటం మీద జనానికి పిచ్చి. మొదటి దెబ్బ కొట్టిన చోటి నుంచి తిన్నగా వెళ్ళి గుంతలో పడాలి. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒక్కసారే జరగాలి. పెద్ద పోటీ జరిగే వారంలో "ఈ నాలుగు రోజుల్లో ఎవడో ఒకడు ఒక్క దెబ్బలో వేస్తాడు" అన్న పందెం కూడా ఉండేది. దానికి వదిన రాసిన ధర చూసి జనం మొహం చిట్లించేవాళ్ళు. ఇంత అరుదైన దానికి ఇంత పిసినారి ధరా అని.

"చీకట్లో సూదిలో దారం మొదటిసారే ఎక్కించగలవా?" అని అడిగేది వాళ్ళని.

"ఎక్కడ."

"మరి ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎక్కించమంటే?"

"ఎవరో ఒకరికి ఎక్కుతుంది."

"ఎవరో ఒకరికి. అదీ ధర. ఆ ఒకరు నువ్వే కావాలంటే, అది వేరే ధర నాయనా."

ఆ వేరే ధర దగ్గరే మా ఎబెన్ అన్నయ్య బతుకు చిక్కుకుంది.

మా ఊరి గోల్ఫు మైదానం సముద్రం ఒడ్డున ఇసుకదిబ్బల మీద ఉంటుంది. క్లబ్బు లోపల గోడకి ఒక ఓకు పలక. దాని మీద, ఒక్క దెబ్బలో గుంతలో వేసిన ప్రతి సభ్యుడి పేరూ బంగారు అక్షరాలతో. ఆ రోజుల్లో ఆడవాళ్ళకు ముందు తలుపు లేదు. నేను వెనక తలుపున వెళ్ళి గిన్నెలు కడిగేదాన్ని కనుక ఆ పలకను అందరికన్నా ఎక్కువ సార్లు చూశాను, తుడిచాను కూడా. ఎబెన్ వాళ్ళ నాన్న పేరు అందులో ఉంది. తాత పేరు ఉంది. వాటి కింద, దేవుడి హాస్యం ఏమిటో గాని, నా మొగుడు వాటీ పేరు కూడా ఉంది.

వాటీ గోల్ఫు ఎలా ఆడతాడంటే తివాచీ దులిపినట్టు ఆడతాడు. ఒక రోజు బంతి అడ్డంగా ఎగిరి, పచ్చిక కోసే యంత్రం మీద ఠంగున తగిలి, తిరిగొచ్చి గుంతలో పడింది. పడింది అంతే. అలా వేసినవాడు క్లబ్బులో ఉన్నవాళ్ళందరికీ తాగడానికి పోయించాలి, అది ఆచారం. ఆ శనివారం క్లబ్బు నిండా జనం. ఆ చలికాలం నేను కోటు కొనుక్కోలేదు. అయినా వాటీ ఆ పేరు చూపించి బావమరిది హోదాలో ఎబెన్‌ను ఏడిపించని రోజు లేదు.

"బావా, నీ పేరుకి చోటు ఉంచమన్నాను, కానీ వార్నీషు ఎండిపోతోందిట."

"నీ పేరు పక్కన ఆ యంత్రం పేరు కూడా రాయించరా. సగం పుణ్యం దానిదే."

ఎబెన్ ఆట చూడముచ్చటగా ఉండేది. ఊళ్ళో అందరూ ఒప్పుకునేవాళ్ళు. కర్ర ఎత్తితే చేప నీళ్ళలో తిరిగినట్టు మెత్తగా తిరిగేవాడు. బంతి గుంత చుట్టూ తిరిగేది, అంచుని ముద్దు పెట్టుకునేది, జెండా కర్రకి కొట్టుకుని పక్కకి పోయేది. పడేది కాదు. మీసాలు నల్లగా ఉన్నప్పుడు పడలేదు, తెల్లబడ్డాకా పడలేదు. ఆయనకు ఇంకే కోరికా లేదు. నాన్న పేరు కింద తన పేరు ఉండాలి, అంతే.

ప్రతి వసంతంలో, కర్రలు బయటకు తీసి నూనె రాస్తూ, పెళ్ళాన్ని ఒకే ప్రశ్న అడిగేవాడు. "ఈ ఏడు నా మీద ఎంత రాస్తావే?"

"ఇంట్లోవాళ్ళకి ధర కట్టను."

"ఇన్నేళ్ళు పడలేదు. ఇంక పడి తీరాలి. ఆ గుంత నాకు బాకీ ఉంది మైసీ."

"గుంత ఎవరికీ బాకీ ఉండదు. బంతికి జ్ఞాపకం ఉండదు, చెవులుండవు, జాలి ఉండదు. నిన్న పడలేదని దానికి తెలీదు. ఒకడు బతుకంతా ఆడితే ఎప్పుడో ఒకప్పుడు పడే అవకాశం బాగానే ఉంటుంది, నిజమే. కానీ అయిపోయిన దెబ్బలు అయిపోయినట్టే. ఇక ముందు కొట్టబోయేవే నీవి."

"కొంచెం మెత్తగా చెప్పొచ్చుగా," అనేదాన్ని నేను.

"సుద్దముక్క మెత్తగా రాస్తే కనపడదే," అనేది.

ఇలా ఉండగా ఎబెన్ తుంటి అరిగిపోయింది. తడి నేల మీద పొగగదిలో అన్నేళ్ళు నిలబడితే ఏ తుంటికైనా అదే గతి. డాక్టరు ఫోటోలు తీసి, ఈ శరదృతువుతో ఆట చాలించమన్నాడు. ఆ వార్త మా వంటింట్లోనే చెప్పాడు ఎబెన్, బార్లీ సూపు ముందు కూర్చుని. "అక్టోబరు పోటీ ఒక్కటి ఆడి, క్లబ్బులో నా బీరువా తాళం ఇచ్చేస్తాను," అన్నాడు. వాటీ ఏదో వేళాకోళం చేయబోయి, బావ మొహం చూసి, రొట్టె నోట్లో కుక్కుకున్నాడు. వదిన మాత్రం సూపు కలుపుతూ కూర్చుంది, చల్లారిపోయినా కలుపుతూనే ఉంది. ఆ అక్టోబరు పోటీలో ఎబెన్‌కు మిగిలిన చిన్న గుంతలు, అంటే ఒక్క దెబ్బలో అందేంత దగ్గరవి, నాలుగు. అవి దాటితే ఆ పలక మీద ఎబెన్ ఇంటివాళ్ళ, అంటే లమ్స్‌డెన్ల పేర్లు తండ్రితోనే ఆగిపోతాయి.

అదే నెలలో టోషాక్ గారు కొట్లోకి టీవీ తెరలు తెప్పించాడు. ధరలన్నీ లండన్ నుంచి వాటంతట అవే వచ్చి పడతాయట. సోమవారం బల్ల పీకేస్తారని చెప్పారు. అంటే పోటీ జరిగే శనివారమే మా వదిన సుద్దకి కూడా ఆఖరి శనివారం.

ఆ పొద్దున నేను కొట్లోకి వెళ్ళేసరికి బల్ల చుట్టూ మగాళ్ళు గుమిగూడి ఉన్నారు. గుర్రాల పేర్ల కింద, మూలన, వదిన గుండ్రటి రాతలో ఒక వరస ఉందట. బర్ట్ పైకి చదివాడు.

"ఎబెన్ లమ్స్‌డెన్. గంట గుంత. ఒక్క దెబ్బ. ఒకటికి ఒకటి."

గంట గుంత అంటే మా మైదానంలో ఒక చిన్న గుంత. కొట్టేవాడికి అది కనపడదు, మధ్యలో పెద్ద ఇసుకదిబ్బ అడ్డం. ఆట ముగించుకుని వెళ్ళేవాళ్ళు పక్కనున్న ఇత్తడి గంట కొడితే, వెనక వచ్చేవాళ్ళు అప్పుడు కొట్టాలి.

"మైసీ, నీకు ఒంట్లో బాగుందా?" అన్నాడు బర్ట్. "ఇది వేలల్లో ఒకటి రాయాల్సింది. ఒకటికి ఒకటి అంటే బొమ్మా బొరుసూనా? పౌను కాస్తే పౌనే వస్తుంది. ఈ ధరకి మతి ఉన్నవాడెవడైనా కాస్తాడా?"

"ఎవడూ కాయకూడదనే."

టోషాక్ గారు గదిలోంచి బయటికొచ్చి, కళ్ళద్దాలు పైకెత్తి చదివాడు. నేను ఆయన తిడతాడనుకున్నాను. ఆయన ఆమె కేసి చూసి, "ఇంత భయమా మైసీ?" అన్నాడు, అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఊరు దాటి మైదానానికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? ఎబెన్, వాటీ అప్పటికి ఆట మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ పోటీలో ఒకరి లెక్క ఒకరు రాయాలి. ఎబెన్ లెక్క రాసేవాడు వాటీ. అక్కడ జరిగింది తరవాత వాటీ నాకు చెప్పాడు. వార్త వినగానే తనే ముందు నోరు చేసుకున్నాడట. "చూశావా బావా, మా అక్క నిన్ను ఎలా అవమానించిందో. ఇన్నాళ్ళకి నోరు తెరిచి, ఇంతోటి ధర. కుక్కలకే ఇంతకన్నా ఎక్కువ రాస్తుంది."

ఎబెన్ టోపీ తీసి, చేతుల్లో తిప్పి, మళ్ళీ పెట్టుకున్నాడట. "ఒరే వాటీ, ధర చిన్నదైతే ఏంటిరా?"

"డబ్బు తక్కువ వస్తుంది."

"నువ్వు అక్క దగ్గర ఇన్నేళ్ళుండి అదే నేర్చుకున్నావురా," అన్నాడట. ఇక ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడట.

మధ్యాహ్నం వదిన కోటు తొడుక్కుని కొట్టు వదిలి బయటికొచ్చింది. శనివారం పూట అలా రావడం ఎవరూ చూడలేదు. ఇద్దరం గాలికి ఎదురీదుతూ దిబ్బల వెనకగా నడిచి, గంట పక్కన నిలబడ్డాం. మొదటి మూడు చిన్న గుంతలూ ఎబెన్ కొట్టేశాడని, పడలేదని దారిలో ఎవరో చెప్పారు. మిగిలింది ఇదే.

"నీకు నమ్మకం ఉందా వదినా?"

"నమ్మకం ఏంటే. అది వేలల్లో ఒకటి. నాకు తెలీదా?"

"మరి ఒకటికి ఒకటని ఎందుకు రాశావు?"

ఆమె చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకుంది. గాలిలో ఇసుక ఉంది, అది నిజం.

దిబ్బ అవతల టక్కుమని చప్పుడైంది. బంతి దిబ్బ మీదుగా వచ్చింది, తక్కువ ఎత్తులో, గాలి కిందుగా. పచ్చిక మీద ఒకసారి గెంతి, పరుగెత్తి, మెల్లబడి, వంపు తిరిగి గుంత అంచున ఆగింది. సగం నేల మీద, సగం గాలిలో. వీధి అరుగు చివర కూర్చున్న ముసలాయన లేవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది.

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగాయి. తరవాత ఒక్క ఉదుటున దిబ్బ ఎక్కి అవతలి వాళ్ళకి రుమాలు ఊపింది. "నెమ్మదిగా రండి. అంచు మీద ఉంది. నెమ్మదిగా," అని అరిచింది.

ఎందుకంటే దానికి ఒక నియమం ఉంది. బంతి అంచు మీద ఆగితే, ఆడినవాడు కావాలని తాత్సారం చెయ్యకుండా గుంత దగ్గరికి నడిచి రావాలి, వచ్చాక పది లెక్కపెట్టే దాకా ఆగొచ్చు. ఆ లోపల పడితే ఒక్క దెబ్బే. ఆ తరవాత పడితే రెండు.

వాళ్ళు దిబ్బ దిగుతూ వచ్చారు. ఎబెన్ ఆ తుంటితో మామూలుగానే శవయాత్రలా నడుస్తాడు. వాటీ అంతకన్నా మెల్లగా, ఏనాడూ లేని గౌరవంతో, బావ చెయ్యి పట్టుకుని నడిపించాడు. దిబ్బ అవతల వెనక జట్టు వాళ్ళు కేకలు మొదలుపెట్టారు. "గంట కొట్టండయ్యా. చచ్చారా అక్కడ?"

"బావ తుంటి," అని వాటీ వెనక్కి అరిచాడు. "బండలు మోస్తున్నాం."

"నన్నేనా బండ అంటున్నావురా?"

"నోరు మూసుకుని కుంటు బావా. బాగా కుంటు."

"అబద్ధపు కుంటు కుంటను. నాకున్నది చాలు."

గుంత దగ్గరికి వచ్చి నిలబడ్డారు. వాటీ లెక్క మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మా వాటీ బతుకులో అంత నిదానంగా ఏదీ చెయ్యలేదు. మూడు. నాలుగు. గాలి జెండాని ఆడిస్తోంది. అయిదు. ఆరు. ఏడు దగ్గర వాటీకి తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, వరసపెట్టి. రుమాలు తీశాడు, ముక్కు తుడిచాడు, రుమాలు మడతపెట్టి జేబులో పెట్టాడు. ఎనిమిది.

బంతి పడింది.

లోపల పడిన చప్పుడు నాకు ఇంకా చెవుల్లో ఉంది. వాటీ టోపీ పైకి విసిరేసి బావ మెడ కావిలించుకున్నాడు. ఎబెన్ కదల్లేదు.

"ఒరే వాటీ. నీ ముక్కు ఎన్ని అంకెలు తిన్నదిరా?"

"ముక్కు లెక్కలోకి రాదు బావా. ఎనిమిదిలో పడింది."

"నేనూ లోపల లెక్కపెట్టాను. పది దాటింది."

"నీ లెక్క ఎవడికి కావాలి? రాసేవాణ్ణి నేను. ఆ దిక్కుమాలిన యంత్రానికి తగిలి నాది పడితే లెక్కేశారు. నువ్వు తిన్నగా కొట్టింది ముక్కు వల్ల పోవాలా?"

ఇన్నేళ్ళ వేళాకోళం అంతా ఆ మాటలో కరిగిపోయింది. ఎబెన్ పెళ్ళాం కేసి తిరిగాడు. ఊళ్ళో ఎవరి లెక్క తప్పినా ఆమె లెక్క తప్పదని అందరికీ తెలుసు.

"నువ్వు చెప్పు మైసీ. ఎంత అయింది?"

ఆమె అబద్ధం చెప్పదు. నిజం చెబితే ఆయన పేరు పోతుంది. కానీ వదిన మొహం చూస్తే అది నాకు తెలిసిన మొహంలా లేదు.

"నేను లెక్కపెట్టలేదయ్యా," అంది.

"నువ్వా?"

"బంతిని బతిమాలుకుంటున్నాను. పడవే తల్లీ, పడవే తల్లీ అని. లెక్క ఎక్కడ గుర్తుంటుంది?"

"చెవులుండవన్నావు," అన్నాడు ఎబెన్.

"ఉండవు."

"జాలి ఉండదన్నావు."

"లేదు కనకే ఆలస్యంగా పడింది."

ఆయన నవ్వాడు. కుంటుతూ వంగి, ఒక చెయ్యి ఆమె భుజం మీద ఆనించి, గుంతలోంచి బంతి తీసుకున్నాడు. "రెండు రాయరా," అన్నాడు వాటీతో. వాటీ రాయనన్నాడు. ఎబెన్ పెన్సిలు లాక్కుని తనే రాశాడు. తరవాత వెళ్ళి గంట కొట్టాడు. ఒకసారి కొట్టాల్సినచోట, వెనకవాళ్ళు అప్పటికే విసిగిపోయి ఉన్నా, మూడుసార్లు కొట్టాడు.

అలా క్లబ్బు పలక మీద లమ్స్‌డెన్ల పేర్లు తండ్రితోనే ఆగిపోయాయి. నేను దాన్ని తుడవడం ఆ నెలతో మానేశాను. వాళ్ళ గిన్నెలు వాళ్ళే కడుక్కోమన్నాను.

సోమవారం తెరలు బిగించేవాళ్ళు వచ్చి నల్లబల్ల పీకితే అది మూడు ముక్కలుగా వచ్చింది. ఎబెన్ పేరున్న మూల ముక్కని వాటీ దుప్పట్లో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, దారి పొడవునా ఎవర్నీ తాకనివ్వకుండా మోసుకొచ్చి, ఎబెన్ వంటింట్లో పొయ్యి పక్కన బిగించాడు. నాకు నచ్చలేదు. సుద్దపొడి సూపులో పడుతుందన్నాను. ఎవరూ వినలేదు. పొయ్యి ఆవిరికి అక్షరాలు పలచబడినప్పుడల్లా వదిన ముక్కాలిపీట ఎక్కి మళ్ళీ దిద్దేది. పేరు అదే, గుంత అదే.

నేనా అక్షరాలు కూడబలుక్కుని చదివేదాన్ని. ఒక చలికాలం సాయంత్రం, ఎబెన్ తుంటికి ఆపరేషనై మంచంలో ఉండగా, రొట్టె పట్టుకెళ్ళి చూస్తే ధర దగ్గర ఏదో మారినట్టనిపించింది. దగ్గరికి వెళ్ళి చదివాను. ఒకటికి ఒకటి కాదు. ఒకటి కాస్తే వచ్చేది అర.

"ఇదేంటి వదినా? ఆట మానేసిన మనిషికి ధర ఇంకా తగ్గిస్తావా?"

ఆమె పొయ్యి మీద పాలు చూసుకుంటూ, నా వైపు తిరక్కుండా, "ఆ రొట్టె మీద గుడ్డ కప్పు, ఆరిపోతుంది," అంది. లోపలి గదిలోంచి ఎబెన్, "ఎంతకి దిగిందే జెస్సీ?" అని అడిగాడు.